చేపల రేవులో వేడెక్కిన ఇంజను

విశాఖపట్నం వెళ్ళినవాళ్ళు చూచి వచ్చేవి మామూలుగా నాలుగే: సింహాచలం, కైలాసగిరి, రామకృష్ణా బీచి, ఆ బీచి ఒడ్డున నిలబెట్టిన కుర్సురా జలాంతర్గామి. 1969లో మన నౌకాదళంలో చేరి 2001లో విశ్రాంతి తీసుకున్న ఆ జలాంతర్గామి, 2002 నుంచీ మ్యూజియంగా మారి, టిక్కెట్టు కొన్నవారికల్లా తన పొట్ట చూపిస్తోంది. అందులో మూడు డీజిలింజన్లు వున్నాయి. పిల్లలు వాటిని తాకబోతారు, తల్లులు వద్దంటారు, అందరూ ఒక ఫొటో తీసుకుని బజ్జీల బండి దగ్గరికి పోతారు. అవి ఇక ఎన్నడూ వేడెక్కని ఇంజన్లు. వేడెక్కే ఇంజన్లను చూడాలంటే అక్కడినుంచి దక్షిణంగా, పాత పోస్టాఫీసు వైపు, ఫిషింగు హార్బరుకు పోవాలి. అక్కడ వివరించి చెప్పే గైడు వుండడు. వాసన మాత్రం వుంటుంది. మొదటి పది నిమిషాలూ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నవాడు పదకొండో నిమిషానికి దాన్ని జేబులో పెట్టేస్తాడు.

రేవులో నిలబడితే ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌసు కనిపిస్తాయి. ఆ పక్కనే వరసగా మూడు గుట్టలు. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. సముద్రం మీదికి పోయేవాళ్ళకు ముగ్గురి అవసరమూ వుంటుంది కాబోలు. 1970వ దశకంలో కట్టిన యీ రేవులో జెట్టీల వెంబడి వందలకొద్దీ మరబోట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడి వుంటాయి. 2023 నవంబరులో ఒక రాత్రి నిప్పంటుకుని సుమారు 40 బోట్లు కాలిపోయింది యిక్కడే. ఆ సంగతి ఎవర్ని కదిపినా చెబుతారు. చెప్పి, వెంటనే పనిలో పడతారు.

నేను వెళ్ళింది జూన్ నెల నడిమిన. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతటా మరబోట్లతో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. వేట లేని యీ రెండు నెలలకుగాను మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని 2025లో 20,000 రూపాయలకు పెంచారు. వేట లేదు గనుక రేవు నిద్రపోతూ వుంటుందనుకుంటే పొరపాటు. పెళ్ళికి ముందు ఇంటికి సున్నాలు వేసినట్టుగా వుంటుంది హడావిడి. ఒక బోటు మీద వలలు అల్లుతుంటారు, ఒక బోటుకు రంగులు, ఒక బోటుకు చెక్కల సందుల్లో దూది కూరడం. పద్నాలుగో తేదీ రాత్రి పన్నెండు కొట్టేసరికి అన్నీ తయారుగా వుండాలి. ముందు వెళ్ళి ముందు వచ్చిన బోటు చేపకు రెండు నెలలుగా ముఖం వాచిన బజారులో ధర పలుకుతుంది. నాలుగు రోజులు ఆలస్యమైతే అందరి చేపా ఒక్కసారే ఒడ్డుకు పడి ధర జారిపోతుంది.

మా తోడల్లుడు బ్యాంకులో పని చేస్తాడు. ఆయన బ్యాంకు ఇచ్చిన అప్పు మీద ఒక బోటు నడుస్తోంది గనుక ఆ బోటు క్షేమసమాచారాలు ఆయనకు సొంత అల్లుడి క్షేమసమాచారాల్లాంటివి. పదమూడో తేదీ పొద్దున, "రండి, మీకు రేవు చూపిస్తాను" అని నన్ను తీసుకువెళ్ళాడు. తీరా మేము వెళ్ళేసరికి ఆ బోటు మీద పదిమంది ఇంజను గది మూతి చుట్టూ మూగి వున్నారు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. విషయం ఏమిటంటే, ముందురోజు ఇంజనులో కూలెంట్ మార్చారు. మార్చినప్పటినుంచీ ఇంజను వేడెక్కిపోతోంది. స్టార్టు చేసిన పావుగంట దాకా వేడి ముల్లు బుద్ధిగా వుంటుంది. ఆ తర్వాత ఎక్కడం మొదలుపెట్టి 95, 100 దాటిపోతుంది. మార్చక ముందు అటువంటి జబ్బేమీ లేదట.

యీ ఇంజను చల్లబడే పద్ధతి కాస్త చెప్పుకోవాలి. డీజిలింజనులో కాలిన నూనె ఇచ్చే శక్తిలో ఇంచుమించు మూడోవంతే బోటును నడపడానికి పనికివస్తుంది. మరో మూడోవంతు పొగతోపాటు పోతుంది. మిగిలినదాంట్లో చాలా భాగాన్ని నీళ్ళు మోసుకుపోవాలి. నీళ్ళు మొయ్యకపోతే ఇనుమే మొయ్యాలి. కారుకైతే ముందు రేడియేటరు, దానికి ఎదురుగాలి వున్నాయి. బోటుకు ఆ గాలి లేదు గాని చుట్టూ సముద్రమే వున్నది గదా. అయితే లీటరుకు సుమారు 35 గ్రాముల వుప్పున్న ఆ నీళ్ళను నేరుగా ఇంజను లోపల తిప్పితే ఇనుము నాలుగేళ్ళు కూడా మన్నదు. అందుకని రెండు నీళ్ళు పెడతారు. మంచినీళ్ళు ఇంజను లోపలే తిరుగుతూ వేడిని తీసుకుంటాయి. సముద్రపు నీళ్ళను మరో పంపు అడుగునుంచి తోడి, హీట్ ఎక్స్‌ఛేంజరు అనే పొడుగాటి డబ్బాలోని సన్నని గొట్టాల గుండా నడిపించి, పక్కనుంచి బయట పారేస్తుంది. ఆ గొట్టాల లోపల సముద్రం, బయట మంచినీళ్ళు. ఒకే గోడకు అటూ ఇటూ వున్న రెండు వాటాల కాపురం లాంటిదది: గోడ మీదుగా వేడి దాటుతుంది, నీళ్ళు మాత్రం కలవవు.

కూలెంట్ అనేది ఆ మంచినీళ్ళలో కలిపే మందు. చలిదేశాలవాళ్ళు నీళ్ళు గడ్డకట్టకుండా వాడుకునే సరుకు. విశాఖపట్నంలో గడ్డకట్టేవి ఐసు ఫ్యాక్టరీ దిమ్మలు తప్ప మరేమీ లేవు. ఇక్కడ అది తుప్పు పట్టకుండా, నీళ్ళు త్వరగా మరగకుండా కాపాడుతుంది. నీళ్ళూ మందూ సగం సగం కలిపితే 107 డిగ్రీల దాకా మరగదు. అలాగని చిక్కగా పోస్తే మరీ మంచిదనుకోకూడదు. ఆ మందు నీళ్ళంత వేడిని మొయ్యలేదు. పప్పుచారులో ఇంగువలాగా దేని పాళ్ళు దానికే వున్నాయి.

బోటు యజమాని ముప్పైయేళ్ళ కుర్రవాడు. ముఖం పాలిపోయి వున్నది. హెడ్ గాస్కెట్ పోయిందని ఎవరో అన్నారట. పోతే ఇంజను పైభాగమంతా విప్పాలి, అది ఒక్కరోజులో తేలే వ్యవహారం కాదు. కుర్ర మెకానిక్ ఒకడు థర్మోస్టాట్ పీకి పారేద్దామంటున్నాడు. నీళ్ళు వేడెక్కేదాకా ఇంజనులోనే తిప్పి, తగినంత వేడెక్కాక హీట్ ఎక్స్‌ఛేంజరుకు దారి తెరిచే చిన్న తలుపది. దాన్ని పీకేయడం మన దేశంలో లారీల దగ్గరినుంచీ వున్న ఆచారం. కొన్ని ఇంజన్లలో అది తీసేస్తే నీళ్ళు అడ్డదారిన తిరిగి అసలు చల్లబడనే చల్లబడవని ఎంత చెప్పినా ఆచారం ఆచారమే.

ఇంతలో ముసలి మేస్త్రిని పిలుచుకువచ్చారు. అరవై దాటినవాడు. వచ్చి కూర్చుని బీడీ ఆర్పి, ముందుగా ఇంజను వైపు చూడనైనా చూడలేదు.

"నిన్న ఏటి ముట్టుకున్నారు?" అన్నాడు.

"కూలెంటొకటే మార్చేం మావా."

"ఎంత తీసేరు?"

"రెండు బకెట్లు. ముప్పై లీటర్లుంటాది."

"ఎంత పోసేరు?"

కుర్రవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూచుకున్నారు. ఖాళీ డబ్బాలు లెక్కపెట్టారు. ఇరవై రెండు లీటర్లు తేలింది. మూతి దాకా నిండింది గనుక చాలనుకుని మూత బిగించారు.

"మరి ఆ ఎనిమిది లీటర్ల జాగాలో ఏటున్నాది?" అన్నాడు మేస్త్రి.

ఎవరూ మాట్లాడలేదు. గాలి వున్నదని నాకే అర్థమయింది, వాళ్ళకు అర్థం కాకపోవడమేమిటి!

ఆయన అంతటితో తేల్చెయ్యలేదు. ఇంజను స్టార్టు చేయించి, బోటు పక్క గొట్టంలోంచి పడే సముద్రపు నీళ్ళ కింద చెయ్యి పెట్టి చూశాడు. నన్నూ పెట్టమన్నాడు. అవి ఇంచుమించు సముద్రంలో వున్నంత చల్లగానే వున్నాయి. లోపల ఇంజను మరుగుతూ వుంటే బయట పడే నీళ్ళు చల్లగా వుండడమేమిటి? ఇంజను దగ్గర వేడి వున్నది, దాన్ని తీసుకుపోవడానికి సముద్రం వచ్చి గుమ్మంలో నిలుచున్నది, మధ్యలో అందించేవాడు లేడు. అంటే మంచినీళ్ళు తిరగడం లేదన్నమాట. ఇంజను తలమీద ఎత్తయిన చోట గాలి చేరి కూర్చుంటే నీళ్ళ పంపు ఆ గాలిని చిలుకుతుందే గాని నీళ్ళను నెట్టలేదు. మరో చిక్కు కూడా వున్నది. వేడిని కొలిచే మొన నీళ్ళలో మునిగి వుంటేనే నిజం చెబుతుంది. గాలిలో తేలుతుంటే కాసేపు ఏమీ లేదంటుంది, ఆ తర్వాత ఒక్కసారిగా కేక పెడుతుంది.

ఒక కలాసీ గబగబా మూత తిప్పబోయాడు. మేస్త్రి అతని మణికట్టు పట్టుకుని ఆపి, తన ముంజేతి మీద మోచేతి దాకా పాకిన పాత మచ్చ చూపించాడు. వేడి మీద వున్న ఇంజను మూత తీస్తే ఒత్తిడిలో వున్న నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై ముఖాన కొడతాయి. చన్నీళ్ళు గుమ్మరించడం అంతకంటే దండగ. కాగిన పోత ఇనుము పగులుతుంది. గంటన్నర ఊరకే కూర్చున్నాం. ఆ గంటన్నరా యజమాని పడిన అవస్థ చెప్పలేను. పక్క బోట్లలోకి ఐసు పొడి దిగుతోంది, డీజిలు ఎక్కుతోంది, ఈయన బోటు మీద అందరూ టీ తాగుతున్నారు.

ఆ సమయంలోనే థర్మోస్టాట్ పరీక్ష అయింది. దాన్ని వూడదీసి, కలాసీలు అన్నం వండుకునే గిన్నెలో నీళ్ళు పోసి, స్టవు మీద పెట్టి, దారంతో వేలాడదీశారు. పక్కన ఒక థర్మామీటరు. 75 దాటుతూనే అది పువ్వు విచ్చినట్టు తెరుచుకున్నది. దానిలో లోపమేమీ లేదు. కుర్ర మెకానిక్ దాన్ని మారు మాట్లాడకుండా యథాస్థానంలో బిగించాడు.

చల్లారాక ఇంజను నెత్తిన వున్న చిన్న మర ఒకటి వదులు చేశారు. దాన్ని ముందురోజు ఎవరూ ముట్టుకోలేదు. బుస్సుమని గాలి పోయింది, నురగ వచ్చింది, చివరికి నీళ్ళు వచ్చాయి. పైనుంచి సన్నని ధారగా పోస్తూ, ఇంజనును నెమ్మదిగా నడుపుతూ, థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు మట్టం ధబాలున పడిపోతే మళ్ళీ పోస్తూ, అలా ఏడున్నర లీటర్లు తాగించారు. ముల్లు 82 దగ్గర నిలబడింది. మా తోడల్లుడు బ్యాంకు తరఫున గట్టిగా నిట్టూర్చాడు.

ఇక్కడితో అయిపోయి వుంటే యీ వ్యాసం ఇక్కడితో అయిపోయేది.

మర్నాడు, అంటే పద్నాలుగున మధ్యాహ్నం, బోటును జెట్టీకి గట్టిగా కట్టి, గేరు వేసి, ఇంజనుకు బరువు పెట్టి చూశారు. ముల్లు 92 దాకా పాకింది. గాలి లేదు, మట్టం తగ్గలేదు. మేస్త్రి మళ్ళీ పక్క గొట్టం దగ్గరికి వెళ్ళాడు. యీసారి నీళ్ళు వేడిగా వున్నాయి. అంటే లోపలి నీళ్ళు తమ పని చేస్తున్నాయి. సముద్రపు నీళ్ళే చాలడం లేదు. నిన్నటి జబ్బు యీ జబ్బును కప్పిపెట్టింది.

ఆయన పదిహేను లీటర్ల బకెట్ తెప్పించి గొట్టం కింద పట్టించి, నా గడియారం చూడమన్నాడు. నిండడానికి 14 సెకండ్లు పట్టింది. అదే రకం ఇంజనున్న పక్క బోటులో, అదే వేగం మీద, 10 సెకండ్లకే నిండింది. మీటర్లూ పరికరాలూ లేకుండా రోగ నిర్ణయం చేయడమంటే ఇదే. పంపు విప్పారు. అందులో రబ్బరు రెక్కల చక్రం వుంటుంది, దాన్ని ఇంపెల్లరంటారు. ఆరు రెక్కల్లో ఒకటి మొదలంటా లేదు, ఇంకొకటి సగమే వున్నది. అప్పుడు కలాసీలలో అందరికంటే చిన్నవాడు మెల్లిగా చెప్పాడు: పన్నెండో తేదీన జల్లెడ శుభ్రం చేసేటప్పుడు అడుగు వాల్వు మూశారు, అది తెరవకుండానే రెండు మూడు నిమిషాలు ఇంజను నడిపారు. నీళ్ళే ఆ రబ్బరుకు నూనె. నీళ్ళు లేకుండా తిరిగితే కాలి తెగిపోతుంది.

వాణ్ణెవరూ తిట్టలేదు. కొత్త చక్రం కొనుక్కొచ్చి వేశారు. బరువు మీద ముల్లు 84. సాయంత్రం ఏడయింది. ఐసు ఎక్కింది, డీజిలు ఎక్కింది, బియ్యం, పప్పు, మంచినీళ్ళ పీపాలు ఎక్కాయి. ఆడవాళ్ళు పసుపు కుంకుమలూ కొబ్బరికాయలూ పట్టుకుని జెట్టీ మీదికి వచ్చారు. అప్పుడు సరంగు, బోటును నడిపించే పెద్ద, ఇంతవరకూ ఒక్క మాటా మాట్లాడనివాడు, చుక్కాని గదిలోంచి దిగి వచ్చి అడిగాడు.

"ముక్కలేవి?"

యజమానికి అర్థం కాలేదు. "ఏ ముక్కలు సిన్నాన్నా?"

"ఇరిగిపోయిన రబ్బరు ముక్కలు. పంపులో లేవు. సముద్రంలోకి పోలేదు. యెక్కడున్నాయి?"

"ముల్లు సల్లగా ఉన్నాది కదా!"

"ఇప్పుడుంటాది. రేపు కెరటం మీద ఊగినప్పుడు ఆ ముక్క పక్కకి తిరిగి గొట్టాలకి అడ్డం పడితే ఉంటాదా?"

పన్నెండుకు బోట్లన్నీ కదులుతాయి. లోపల ఐసు కరుగుతోంది. పది రోజుల వేటకు పెట్టిన పెట్టుబడి, బ్యాంకు వాయిదా, మొదటి చేప ధర, అన్నీ ఆ కుర్రవాడి ముఖంలో కనిపిస్తున్నాయి. దారిలో చూచుకుందామన్నాడు. గట్టిగానే అన్నాడు. సరంగు గొంతు పెంచలేదు. జూన్ నెలలో నైరుతి గాలి ఎలా వుంటుందో, ఇంజను పట్టేసిన బోటు ఆ గాలికి ఎటు కొట్టుకుపోతుందో రెండు మాటల్లో చెప్పాడు. 1554కి ఫోన్ చేస్తే కోస్ట్‌గార్డు వస్తారు, రారని కాదు. వచ్చేదాకా ఏడుగురు బోటులో వుండాలి గదా అన్నాడు. ఆ ఏడుగురిలో చక్రం కాల్చిన చిన్నవాడు కూడా వున్నాడు. వాడి తల్లి కొబ్బరికాయ పట్టుకుని మా పక్కనే నిలబడి వున్నది.

యజమాని కాసేపు నీళ్ళకేసి చూచి, "విప్పండి" అన్నాడు. నా మట్టుకు నాకు, ఆ రెండు రోజుల్లో జరిగిన పనులన్నిటిలో కష్టమైనది ఆ ఒక్క మాట అనడమే అనిపించింది.

హీట్ ఎక్స్‌ఛేంజరు మూత బోల్టులు తుప్పుపట్టి ఒక పట్టాన కదల్లేదు. పన్నెండయింది. రేవంతా ఒక్కసారి ఇంజన్ల చప్పుడుతో అదిరింది. దీపాలు పెట్టుకుని బోట్లు ఒకదాని వెనక ఒకటి డాల్ఫిన్ నోస్ పక్కగా బయటికి పోతుంటే, చూడవలసిన దృశ్యమే గాని, మా బోటు మీద ఎవరూ తలెత్తి చూడలేదు. ఒంటిగంటకు మూత వచ్చింది. గొట్టాల మూతుల మీద అడ్డంగా, నల్లగా, ఒక రెక్క పడుకుని వున్నది. దాని చుట్టూ గవ్వ ముక్కలు, నాచు. సగం రెక్క మాత్రం కనిపించలేదు. గొట్టం గొట్టానికీ సన్నని కమ్మీ దూర్చి చూశారు. చివరికి పంపుకూ ఎక్స్‌ఛేంజరుకూ మధ్యనున్న రబ్బరు గొట్టం వంపులో దొరికింది. మా తోడల్లుడు పాత చక్రాన్ని తీసుకుని, చిరిగిన నోటును సరిచూచే అలవాటుకొద్దీ, రెండు ముక్కల్నీ విరిగిన చోట్ల ఆనించి దీపం దగ్గర తిప్పి తిప్పి చూచి, "సరిపోయింది, ఇంకేమీ రాలేదు" అన్నాడు. సరంగు ఆ మాటకు తల వూపాడు. బ్యాంకువారి మాటకు ఆ రేవులో అంత విలువ దొరకడం నేను మళ్ళీ చూడలేదు.

విప్పింది సముద్రపు నీళ్ళ వైపు గనుక కూలెంట్ జోలికి పోనక్కరలేకపోయింది. కొత్త రబ్బరు వాషరు వేసి బిగించి, అరగంట బరువు మీద నడిపారు. నాలుగున్నరకు తాళ్ళు విప్పారు. అప్పటికి తూర్పు తెల్లబడుతోంది, రేవు సగం ఖాళీ. మేస్త్రి డబ్బులు లెక్కపెట్టుకుని, వెళ్తూ వెళ్తూ ఖాళీ కూలెంట్ డబ్బా ఒకటి నీళ్ళకు పనికొస్తుందని తీసుకోబోయిన ఆడమనిషిని ఆపి, దాన్ని లాక్కుని పక్కన పడేశాడు. ఆ మందు తియ్యగా వుంటుంది, విషం. పిల్లలున్న ఇళ్ళలోకి డబ్బా కూడా పోకూడదట.

పదకొండో రోజున మా తోడల్లుడు ఫోన్ చేశాడు. బోటు తిరిగి వచ్చిందట. చేప ఎంత పడిందని అడిగాను.

"అది సాయంత్రం లెక్క కట్టాక చెబుతారు. ముల్లు ఎంత చూపించిందని మాత్రం అడిగాను. ఎనభై మూడుట" అన్నాడు.